దులుపుడమ్మ మేజోళ్లు

ఓడలో అందరూ ఆమెను దులుపుడమ్మ అనేవారు. చదివింది మొక్కల శాస్త్రం, చేసేది బూట్లు దులపడం. ధ్రువం అంచున ఉన్న ఒక మంచుదీవికి మనుషుల రాకపోకల వల్ల ఎంత చేటు జరుగుతోందో చూడటం ఆమె ఉద్యోగం. ఏటా వేసవిలో వెళ్లేది. అక్కడ చెట్టూ లేదు, గడ్డీ లేదు. రాళ్ల మధ్య నాచు, అంతే. అది వేలెడు పెరగాలంటే మనిషి ఆయుష్షు చాలదు. బయటి గింజ ఒక్కటి పడి మొలిస్తే చాలు, ఆ నాచు పని సరి.

అందుకే దీవిలో దిగేముందు ఎంతటివాడినీ వదిలేది కాదు. జేబులు తిరగేయించేది, బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని సూదితో గీకేది.

"ఇక చర్మం ఒక్కటే మిగిలిందమ్మా, అదీ ఒలిచిమ్మంటావా?" అన్నాడు కెప్టెన్ ఒకసారి.

"ముందు ఆ టోపీ ఇలా ఇవ్వండి సార్," అంది.

ఈ ఏడు నాచు కొలవబోతే, తాను ఎప్పుడూ కూర్చునే బండ పక్కన పచ్చగా గడ్డి కనిపించింది. ఏ పర్యాటకుడి నిర్వాకమో అని నోరారా తిట్టింది. వంగి చూస్తే తెలిసిన గడ్డే. తన పుట్టింటి పెరట్లోది.

ఆ బండ మీదే ఆమె బూట్లు విప్పి, తడిసిన మేజోళ్లు మార్చుకునేది. అమ్మ అల్లిన ఉన్ని మేజోళ్లు. దండెం మీద వేస్తే సాగిపోతాయని అమ్మ వాటిని ఉతికి పెరటి గడ్డి మీద పరిచి ఆరబెట్టేది. లోకంలో అందరినీ దులిపిన మనిషికి అమ్మ మడిచి ఇచ్చినవాటిని ఒక్కసారి విదిలించాలని తోచలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

ఒక మొక్క పీకింది. వేళ్లతోపాటు పిడికెడు నాచు ఊడివచ్చింది. చెయ్యి ఆగిపోయింది. పీకితే నాచు ఇప్పుడే పోతుంది, వదిలితే మెల్లగా పోతుంది. ఏం చేయాలో ఇన్నేళ్ల చదువు చెప్పలేదు. ఆ పిడికెడు నాచును మళ్లీ గుంటలో పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చింది.

సాయంత్రం శిబిరం ఫోన్‌లో అమ్మ దొరికింది.

"మేజోళ్లు వెచ్చగా ఉన్నాయా తల్లీ?"

"వెచ్చగానే ఉన్నాయమ్మా."

"కాళ్లు జాగ్రత్త. వచ్చే ఏటికి ఇంకో జత అల్లేశాను. పొద్దున్నే ఉతికి ఆరేశా."

ఎక్కడ ఆరేశావని అడగబోయింది. అడిగితే చెప్పాలి. చెబితే ఆవిడ ఇక సూది పట్టదు.

"మంచి పని చేశావమ్మా," అంది.