కృపమ్మగారి పొయ్యి

మొన్నటి ముసురుకు నంద్యాలలోని మా హాస్టల్ సామాన్ల గది కిటికీలోంచి జల్లు కొట్టి, గోడవారన ఉన్న బియ్యం మూట ఒకటి అడుగున తడిసింది. ఎవరూ గమనించలేదు. తర్వాత మూతి విప్పేసరికి ముక్కిన వాసన గుప్పున కొట్టింది. వంటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. నేను అక్కడే నిలబడిపోయాను. తడిసిన బియ్యం, బురద, పచ్చికట్టెల పొగ, ఈ మూడూ కలిసిన వాసనలో నేను ఒకప్పుడు కొన్ని వారాలు బతికాను. నూరుమందికి వండడం నాకు ఆ వారాల్లోనే వచ్చింది. నేర్పినామె పేరు కృపమ్మగారు. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ నడుమ, కుందూ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో పాస్టరుగారి భార్య. ఆ ఊరి వాళ్ళు తప్ప ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు ఆళ్ళగడ్డ. నాయనకు బజారులో కిరాణా అంగడి ఉండేది. నన్నిచ్చింది కూడా అంగడి వాళ్ళకే, కాకపోతే ఆ కుందూ ఒడ్డు పల్లెలో. పెళ్ళయి ఏడాది తిరక్కముందే కుందూ పొంగింది. తెల్లవారేసరికి వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు, పొద్దెక్కేసరికి నడుము లోతు. ఊరంతటికీ మిట్ట మీద ఉన్నది చర్చి ఒక్కటే. చంకల్లో పిల్లలనూ నెత్తిన మూటలనూ పెట్టుకుని అందరం అటే నడిచాం. మా ఆయన అంగట్లో ఉప్పు బస్తాలు ఎత్తున పెట్టాలని చాలాసేపు పెనుగులాడి, చివరికి ఉత్త చేతులతో వచ్చాడు. చర్చిలో అడుగు పెట్టడం నాకదే మొదటిసారి. గడప దగ్గర పొట్టిగా, బొంగురు గొంతుతో, తెల్లచీర కొంగు నడుముకు బిగించిన ఒకామె నిలబడి, వచ్చిన వాళ్ళను వచ్చినట్టు సర్దుతోంది. బాలింతలు గోడవార, ముసలివాళ్ళు బల్లల మీద, మిగతా వాళ్ళు కింద బండల మీద. కులం పేరు గానీ ఇంటి పేరు గానీ ఆమె ఎవరినీ అడగలేదు. పాస్టరుగారు ముందురోజే చాగలమర్రి వైపు చర్చి సంఘానికి వెళ్ళి, దారులు తెగిపోయి అక్కడే చిక్కుబడ్డారు. చర్చి భారమంతా కృపమ్మగారి మీదే ఉంది.

ఆ సాయంత్రం ఆమె గంజి కాచారు. మా అత్త ముట్టుకోలేదు. ఆమెకు పరాయి ఇంటి నీళ్ళు తాగడమే అలవాటు లేదు, ఇక చర్చిలో గంజి ఎట్లా తాగుతుంది? గోడ వైపు తిరిగి కూర్చుంది. నాకు సిగ్గుగా అనిపించింది. కృపమ్మగారు ఆ సంగతి కనిపెట్టి నా దగ్గరికి వచ్చారు.

"మీ అత్త నీ చేతి వంట తింటాది గదా?" అన్నారు.

"తింటుందమ్మా."

"అట్లయితే రేపట్నుంచి నువ్వే వండు. నాకూ ఒక చెయ్యి తోడయితాది."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మరుసటి రోజు అంత పెద్ద గుండిగలో నేను వండిన అన్నం అడుగున మాడి, పైన పలుకుగా మిగిలింది. ఆమె ఒక ముద్ద నోట్లో వేసుకుని నమిలి, "ఉడికిన కాడికి వడ్డిద్దాం. మిగిలిందానికి నీళ్ళు చల్లి మూత పెట్టు" అన్నారు. మా అత్త తిన్నది. ఊరంతా తిన్నది.

నీళ్ళు తీశాక అసలు కష్టం మొదలైంది. పడవల్లో బొరుగుల పొట్లాలు తెచ్చినవాళ్ళు రావడం మానేశారు. పెద్దవాళ్ళు ఇళ్ళల్లో బురద ఎత్తిపోయడానికీ, పొలాల్లో ఏమైనా మిగిలిందేమో చూసుకోవడానికీ పొద్దున్నే పోయేవాళ్ళు. పాతర్లలోని గింజలన్నీ నాని మొలకెత్తాయి. బడి గదుల్లో తొడలోతు ఒండ్రు. బడి లేదు కాబట్టి మధ్యాహ్నం అన్నమూ లేదు. పిల్లలు వీధుల్లో, కూలిన గోడల మీద, ఊరికే కూర్చుని ఉండేవాళ్ళు. వాళ్ళు ఆడుకోవడం లేదని ముందు గమనించింది కృపమ్మగారే. "పిల్లోల్లు గమ్మునుండారంటే ఆకలిగొనుండారని అర్థం" అన్నారు. నంద్యాలలోని వాళ్ళ సంఘం వాళ్ళకు కబురంపి కొన్ని బస్తాల బియ్యం, కందిపప్పు తెప్పించి, చర్చి వసారా ముందు మూడు రాళ్ళ పొయ్యి పెట్టారు. రోజూ మధ్యాహ్నం ఊరి పిల్లలకు అన్నం, పప్పు.

పొయ్యి ముట్టించే ముందు ఆమె కళ్ళు మూసుకుని పెదవులతో మాత్రం ప్రార్థన చేసుకునేవారు. పక్కనున్న నాకు కూడా వినిపించేది కాదు. పిల్లలను మాత్రం ఏమీ చేయమనేవారు కాదు. చేతులు కడుక్కున్నారా లేదా చూసి వడ్డించడమే. చర్చి చుట్టుపక్కల పేట పిల్లలు వచ్చేవాళ్ళు, మా అంగడి వీధి పిల్లలు వచ్చేవాళ్ళు. పై వీధి రైతుల ఇళ్ళ పిల్లలు రాలేదు. వాళ్ళ పెద్దాయన, అందరూ పెద్దిరెడ్డి అని పిలిచే ఆయన, వరద నాడు తప్పకపోయినా ఇప్పుడు చర్చి ముందు తినొద్దన్నాడని తెలిసింది. ఆ పిల్లలు దూరంగా అరుగుల మీద కూర్చుని మా పొయ్యి పొగ వైపు చూసేవాళ్ళు.

బియ్యం అయిపోవస్తున్న సమయంలో పట్నం నుంచి ఒక దాత జీపు వేసుకుని వచ్చాడు. వెనక వ్యానులో బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, పాలపొడి. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన మర్యాదస్తుడే. మా వంట చూసి మెచ్చుకున్నాడు. తర్వాత, వడ్డించే ముందు పిల్లలంతా వరసగా నిలబడి ఒక పాట పాడి, ప్రార్థన చెప్పాలనీ, దాన్ని ఫొటో తీసి తమ వాళ్ళకు పంపుతాననీ అన్నాడు. ఆదివారం ఆరాధనకు వచ్చే పిల్లలకే ఈ బియ్యం పెడితే ఇచ్చినవాళ్ళకు తృప్తిగా ఉంటుందని కూడా అన్నాడు.

కృపమ్మగారు చేతులు తుడుచుకుంటూ విన్నారు. "పాట నేర్పుతానయ్యా. బడి తెరిచినాక, కడుపులు నిండినాక, రాదల్చుకున్నోళ్ళకు నేర్పుతా" అన్నారు.

"ఇప్పుడు పాడితే తప్పేముందమ్మా? దేవుని పాటే కదా."

"ఆకలిగొన్న పిల్లోడు నువ్వు ఏది పాడమంటే అది పాడతాడు. ఆ పాట దేవునికి చేరదయ్యా. పళ్ళెం కాడనే నిలిచిపోతాది."

ఆయన చాలాసేపు నచ్చజెప్పాడు. చివరికి వ్యాను వచ్చినట్టే తిరిగిపోయింది. టైర్ల జాడలు బురదలో నీళ్ళతో నిండుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఒక్క పాట. మా అంగడి ముందు పిల్లలు బెల్లం ముక్క కోసం కోతుల్లా గెంతేవాళ్ళు, ఇదీ అంతే కదా అనుకున్నాను. ఆమెతో అనలేదు. అనకపోయినా ఆమెకు తెలిసినట్టే ఉంది. "నువ్వింటికి పో సరళమ్మా, వండేకేముంది ఇంక" అన్నారు.

మరుసటి రోజు పొయ్యి వెలగలేదు. పిల్లలు మాత్రం మామూలు వేళకు వచ్చారు. పొయ్యి చూశారు, మమ్మల్ని చూశారు, వెళ్ళలేదు. వసారా మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళలో మల్లేశ్వరి అని ఒక చిన్నపిల్ల ఉంది. తల్లి బురద ఎత్తే కూలికి పోయింది. పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ ఆ పిల్ల నీళ్ళ కోసం లేచి, రెండడుగులు వేసి, చప్పుడు లేకుండా కూలిపోయింది. కృపమ్మగారు పరుగెత్తి ఒళ్ళోకి తీసుకున్నారు. నేను ఇంటికి పోయి తడిసి గడ్డకట్టిన చక్కెర తెచ్చి నీళ్ళలో కలిపి పట్టించాను. కొంతసేపటికి కళ్ళు తెరిచింది. కృపమ్మగారు ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆమె ముఖం అంతగా పాలిపోవడం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నా వెనకే వచ్చిన మా అత్తకు పిల్లను అప్పజెప్పి లేచారు. "రా, పెద్దిరెడ్డి ఇంటికి పోదాం" అన్నారు.

పెద్దిరెడ్డి ఇల్లు మిద్దె. అటక మీది జొన్నలు తడవలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమన్నాడు. కృపమ్మగారు నిలబడే మాట్లాడారు.

"రెడ్డన్నా, పిల్లోల్లకు గింజల్లేవు. అడిగేకొచ్చినా."

"మీ సంఘమోళ్ళు ఉండారు గదమ్మా."

"ఉండారు. అయిపోయినాయి."

"నిన్న వ్యానొచ్చిందంట?"

"వచ్చింది. పిల్లోల్లు ప్రార్థన చేస్తేనే పెట్టమన్నారు. పంపిచ్చేసినా."

పెద్దిరెడ్డి తలెత్తి ఆమెను చూశాడు. అది ఆయన ఊహించని మాట. మంచం పట్టెను వేళ్ళతో తడిమాడు. లోపల వాకిలి చాటున ఆయన భార్య నిలబడి వింటోంది. ఆమె కాళ్ళు నాకు కనిపిస్తున్నాయి.

"జొన్నలిస్తా" అన్నాడు చివరికి. "మా పిల్లోల్లు కూడా వచ్చి తింటారు. కానీ మీ చర్చి గుడి ముందర వద్దు. మా వాళ్ళు ఆడికి రారు. బడి గోడకాడ పెట్టుకోండి పొయ్యి."

అక్కడి నుంచి చర్చి గోపురం కనిపిస్తుంది. ఆమె ఒకసారి అటు చూశారు. "సరేలే అన్నా. బడికాడనే పెడతాం" అన్నారు.

తిరిగి వస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "అమ్మగారూ, నిన్న ఆయన షరతు పెడితే ఒప్పుకోలేదు. ఈ పొద్దు ఈయన పెడితే ఒప్పుకున్నారే?"

ఆమె బురదలో చెప్పులు చేతబట్టుకుని నడుస్తున్నారు. ఆగలేదు. "ఆయన ఆ బరువు పిల్లోల్లను మోయమన్నాడు పాపా. ఈయన నన్ను మోయమన్నాడు. నా నెత్తినయితే పెట్టుకుంటా, దాన్దేముంది" అన్నారు.

పిండిమర నీళ్ళలో మునిగి పాడైపోయింది కాబట్టి జొన్నలు చేత్తోనే విసరాలి. మరుసటి పొద్దున పెద్దిరెడ్డి భార్య మనిషి చేత విసుర్రాయి మోయించుకుని బడి దగ్గరికి వచ్చింది. ఆమెను చూసి పై వీధి ఆడవాళ్ళు, వాళ్ళను చూసి పేట ఆడవాళ్ళు తమ తమ రాళ్ళతో వచ్చారు. ఒక్కో రాయి దగ్గర ఇద్దరేసి కూర్చుని విసిరారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో మొదట అందరూ చూసుకున్నారు, పిండి పడడం మొదలయ్యాక చూసుకోలేదు. ఆ రోజు పిల్లలు తిన్నది జొన్న సంగటి, పుల్లగూర. అరుగుల మీది పిల్లలు దిగి వచ్చారు. మల్లేశ్వరి రెండు ముద్దలు తిని మూడోదానికి చెయ్యి చాపితే కృపమ్మగారు నవ్వి, "మెల్లగ తినే, రేపు కూడా ఉంటాది" అన్నారు. బడి తెరిచేదాకా ఆ పొయ్యి వెలిగింది.

ఇదంతా సుఖంగా ముగిసిందని రాస్తే అబద్ధం రాసినట్టు. సంఘంలో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. వాళ్ళ నొప్పిలోనూ న్యాయం ఉంది. వరద వచ్చిన రోజు ఊరందరికీ తలుపు తెరిచింది వాళ్ళ గుడి. ఆ గుడి ముంగిలి అన్నం తినడానికి పనికిరాదంటే, ఆమె ఒప్పుకుని వచ్చారు. "మమ్మల్నొక మాట అడగల్సిండె గదమ్మా" అని ఒక పెద్దాయన వసారాలో నిలబడి అన్నాడు. ఆమె, "అడగల్సిండె. తప్పే. పొద్దు లేకపాయె" అన్నారు. ఆ మాట వాళ్ళకు సరిపోలేదు. బియ్యం తిప్పి పంపిన సంగతి కూడా సంఘం పైవాళ్ళదాకా పోయింది. మరుసటి వేసవిలో పాస్టరుగారికి బేతంచెర్లకు బదిలీ అయింది. నాపరాళ్ళు దించి అటు తిరిగిపోతున్న లారీ మాట్లాడుకుని సామాను ఎక్కించారు. సాగనంపడానికి కొంతమందిమి వెళ్ళాం. పెద్దిరెడ్డి రాలేదు. నేను ఏడుస్తుంటే ఆమె విసుక్కున్నారు. "ఏందిది? బేతంచెర్ల యాడుందని? బస్సెక్కితే వస్తాది" అన్నారు.

మా అంగడి మళ్ళీ నిలదొక్కుకోలేదు. నంద్యాలకు వచ్చి, మా ఆయన ఒకరి దగ్గర పనికి కుదిరాడు. నేను ఒక హాస్టల్లో వంటకు చేరి, తర్వాత సొంతంగా ఆడపిల్లల హాస్టల్ పెట్టుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత బస్సెక్కి బేతంచెర్ల వెళ్ళాను. పాస్టరుగారు అప్పటికే పోయారు. కృపమ్మగారు మోకాళ్ళ నొప్పులతో గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. నాపరాళ్ళ పాలిష్ మిషన్ల రాతిదుమ్ముతో వాకిలంతా తెల్లగా ఉంది. నన్ను చూడగానే, తిన్నావా అని అడిగి, తినలేదంటే తినిపించాకే మాట్లాడారు. ఎన్నో ఏళ్ళుగా మనసులో ఉన్నది అప్పుడు అడిగాను. ఆ వ్యాను తిప్పి పంపడం సరైనదేనా అని.

ఆమె కొంగుతో కుర్చీ చేతి మీది దుమ్ము తుడిచారు. "మళ్ళా వచ్చినా పంపిచ్చేస్తా" అన్నారు. మోకాలు రుద్దుకుంటూ, "ఆ బిడ్డ పడిపోయింది నా వల్లనే. పాట పాడిచ్చింటే పడిపోకుండె. రెండూ నిజమే సరళమ్మా. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు" అన్నారు.

ఆమె ఇప్పుడు లేరు. ఆమెను తలుచుకున్నప్పుడు ఆ ఊరి జనం సాధారణంగా ఆమె ధైర్యాన్ని చెబుతారు. నేను మోస్తున్నది ధైర్యం కాదు, ఆ చివరి మాట. మంచిపని చేశామని తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయే ప్రతిసారీ, దాని వల్ల ఎవరి కాళ్ళు తడబడ్డాయో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. చాలాసార్లు ఎవరో ఒకరు కనిపిస్తారు. అప్పుడు, నేను చేసింది సరైనదే అని వాళ్ళకు చెప్పడానికి కాకుండా, వాళ్ళకు ఏం కావాలో అడగడానికి వెళ్తాను.