మూడు ఇంజిన్లు, ఒక ఎడమ కాలు

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, వసంతం మొదట్లో, మా వర్క్‌షాప్‌కి ఒక పాత జపనీస్ టూ-సీటర్ వచ్చింది. దానికి ఏ ఇంజిన్ పెడితే బాగుంటుందో చూసి చెప్పే పని నాకు అప్పగించారు.

మీరిద్దరూ మోరిస్‌విల్ నుంచి వీడియో కాల్ చేసినప్పుడు, "అమ్మమ్మా, నువ్వు మెకానిక్‌వా?" అని అడిగారు. కాదు నాన్నా. ఇంజిన్‌ని విప్పి బిగించేవాడు మెకానిక్. ఏ క్షణంలో ఎంత పెట్రోల్ లోపలికి వెళ్లాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో కారు కంప్యూటర్‌కి నేర్పేది కాలిబ్రేషన్ ఇంజినీర్. నాది ఆ పని. చాలా ఏళ్లు మిషిగన్‌లో ఒక పెద్ద కంపెనీలో చేశాను. చివరి కొన్నేళ్లు కాలిఫోర్నియాలో, మా శాన్ రామన్ ఇంటికి దగ్గర్లో, స్పోర్ట్స్ కార్లకు ఇంజిన్లు మార్చే ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేశాను. దాని ఓనర్ పేరు రే. మనిషి పెద్దగా మాట్లాడడు. కారు డైనో మీద నుంచి దిగాలంటే నేను సరే అనాలన్నది ఆయన పెట్టిన నియమం. డైనో అంటే కారును కదలకుండా నిలబెట్టి, చక్రాలతో కింది రోలర్లు తిప్పించి, ఇంజిన్ బలం కొలిచే యంత్రం.

ఆ టూ-సీటర్ శ్రీకాంత్‌ది. మా ఊళ్లోనే ఉండేవాడు, చిప్ డిజైన్ ఇంజినీర్, యాభై దాటలేదు. పెళ్లికి ముందు కొన్న కారు అది. పిల్లలు పుట్టాక మినీవ్యాన్ వచ్చి దాన్ని గరాజ్ మూలకి నెట్టేసింది. అతను కారు తీసుకురావడానికి ముందు రోజు అతని భార్య మాధవి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, రేపు శ్రీకాంత్ కార్ తెస్తాడు. ఆయనకి ఏఎల్ఎస్ అని కన్‌ఫర్మ్ చేశారు. ఎడమ పాదంతో స్టార్ట్ అయింది. మీకు తెలిసినట్టు ఉండకండి, ప్లీజ్. ఎవరూ దాని గురించి మాట్లాడటం ఆయనకి ఇష్టం లేదు."

ఏఎల్ఎస్ అంటే కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు. మందులతో కాస్త నెమ్మదిస్తుందేమో గానీ, వెనక్కి తిరగదు. ఆ కారుకి గేర్లు చేత్తో మార్చాలి, క్లచ్ ఎడమ కాలితో తొక్కాలి. కాబట్టి మా ముందున్న పని నిజానికి ఒక్కటే: ఆ కాలు ఇంకా ఆడుతుండగానే అతను ఆ కారు నడపాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. పైకి అన్నవాళ్లు ఎవరూ లేరు.

మర్నాడు అతను కారు దిగి నడిచి వస్తుంటే ఎడమ బూటు ముందు భాగం నేలకు రాసుకుంటోంది. నేను చూడటం అతను చూశాడు.

"లెఫ్ట్ లెగ్ కొంచెం లేజీ అయింది అక్కా. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటే అప్పుడు తీసుకోలేదు," అని నవ్వాడు.

మూడు దారులున్నాయి. మొదటిది, ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌నే విప్పి, పిస్టన్ రింగులు, బేరింగులు, గాస్కెట్లు మార్చి మళ్లీ బిగించడం. రెండోది, దాన్ని తీసేసి ఎనిమిది సిలిండర్ల అమెరికన్ వీ-ఎయిట్ పెట్టడం. అల్యూమినియంతో చేసింది కాబట్టి అనుకున్నంత బరువు ఉండదు. కానీ దాని బలానికి గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్, రేడియేటర్ అన్నీ మారాలి, క్లచ్ కూడా గట్టిది పడాలి. మూడోది ఎలక్ట్రిక్ మోటార్. దానికి క్లచ్ అక్కర్లేదు, కానీ బ్యాటరీలు, వైరింగ్ అంతా కొత్తగా కట్టాలి, నెలల పని.

కాలిఫోర్నియాలో ఇంకో మెలిక ఉంది. వేరే ఇంజిన్ పెడితే అది కారు తయారైన ఏడాదిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో పాటు వచ్చిన పొగ నియంత్రణ సామానంతా కూడా కారులోకి రావాలి. రాష్ట్రం నియమించిన రెఫరీ అన్నీ విడివిడిగా చూసి, సరిగ్గా ఉంటే తలుపు పక్కన స్తంభానికి ఒక లేబుల్ అతికిస్తాడు. అది లేకుండా ఆ కారు రోడ్డెక్కకూడదు. పాత ఇంజిన్‌నే బాగు చేస్తే ఈ గొడవ ఉండదు.

నేను ఆలోచించాల్సింది పెద్దగా లేదు. పాత ఇంజిన్ నడుస్తోంది, కాస్త ఆయిల్ తాగుతోంది అంతే. దాని క్లచ్ పిల్లలు కూడా తొక్కగలిగేంత తేలిక. కొద్ది వారాల పని. ఆ మాటే చెప్పాను. నీ కాలికి ఈ క్లచ్ సుఖం అని కూడా చెప్పాను. శ్రీకాంత్ తల ఊపాడు.

"మంచి పాయింట్ అక్కా. క్లచ్ కంఫర్ట్ అని ఒక కాలమ్ యాడ్ చేస్తాను."

అప్పుడు తెలిసింది, అతని దగ్గర డెసిషన్ మ్యాట్రిక్స్ ఉందని. పెద్ద కంపెనీల్లో డిజైన్ ఎంచుకోవడానికి మేమంతా వాడే పద్ధతే అది. ఒక వైపు ఆప్షన్లు, ఇంకో వైపు గుణాలు, ప్రతి గుణానికీ ఇంత ప్రాధాన్యం అని ఒక అంకె. అన్నీ హెచ్చవేసి కూడితే గెలిచేది తేలుతుంది. మన ఇంజినీర్లు ఇల్లు కొన్నా, పిల్లల కాలేజీ ఎంచుకున్నా అదే పద్ధతి. తప్పు పట్టడానికి లేదు, నేనూ అలాగే బతికాను. క్లచ్ కంఫర్ట్‌కి అతను ఇచ్చిన ప్రాధాన్యం అన్నిటికంటే తక్కువ.

ఆ వేసవి శనివారాలన్నీ అతని గరాజ్‌లోనే గడిచాయి. వేరే కారు పనులున్నా రే నన్ను పంపేవాడు, కస్టమర్‌కి నీ మాట అర్థమవుతుంది అని. వెళ్తే స్నేహితులు ఫోల్డింగ్ కుర్చీల్లో కూర్చుని ఉండేవాళ్లు. మాధవి మిరపకాయ బజ్జీలు, టీ తెచ్చిపెట్టేది.

"వీ-ఎయిట్ లేకపోతే అది టాయ్ కార్ రా బావా," అనేవాడు ఒకడు.

"నువ్వు ఫ్రీవేలో స్లో లేన్ వదలవు. నీకెందుకురా వీ-ఎయిట్ సంగతి?" అనేవాడు శ్రీకాంత్.

"రీసేల్ చూసుకో. ఇంజిన్ మార్చిన కార్ కొనేవాడు దొరకాలి కదా."

"అమ్మేవాడికి కదా రీసేల్? నేను అమ్మను."

ఆ మాటకి అందరూ టీ కప్పుల్లోకి చూశారు. తర్వాత ఎవరో బ్యాటరీ బరువు సంగతి ఎత్తారు, మళ్లీ గోల మొదలైంది. ప్రతి శనివారం ఒక కొత్త కాలమ్ చేరేది. ఇంజిన్ శబ్దానికి ఒకటి, ఇంజిన్ బాగా వేడెక్కితే రేడియేటర్ తట్టుకుంటుందా అన్నదానికి ఒకటి. ఒక వారం గెలిచిన ఇంజిన్ తర్వాతి వారం ఓడిపోయేది. ఓడిపోయినప్పుడల్లా శ్రీకాంత్ ముఖం వెలిగేది. ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు. ఏ ఇంజిన్ అన్నది తేలనంతకాలం ఆ కారు అతనికి ఇంకా రాబోయేదే. ముందు ముందు ఏదో ఉన్న మనిషి ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చునేవాడు అతను.

కుర్చీ మాత్రం మారింది. ఫోల్డింగ్ కుర్చీలోంచి లేవడం కష్టమై చేతులున్న కుర్చీ వేశారు. ఆ తర్వాత చేతికర్ర వచ్చింది. చేతికర్రను కుర్చీ వెనక దాచేవాడు. స్నేహితులు దానికేసి చూడకుండా బజ్జీల పళ్లెం అందించుకునేవాళ్లు. ఒకసారి వంటింట్లో మాధవి గిన్నెలు తోముతూ నన్ను అడిగింది.

"వీళ్లు తేలుస్తారంటారా అక్కా?"

తేల్చమని నువ్వే చెప్పు అన్నాను.

"నేను చెప్తే 'ఎందుకంత తొందర' అంటాడు. అప్పుడు నేను జవాబు చెప్పాలి కదా," అంది.

ఆకులు రాలే కాలానికి వీ-ఎయిట్ గెలిచింది. శ్రీకాంత్ మ్యాట్రిక్స్ మీద చెయ్యి పెట్టి ఫైనల్ అన్నాడు. రే నన్ను పక్కకి పిలిచి, ఇతనికి దీని క్లచ్ కుదురుతుందా అని అడిగాడు. కుదరదని చెప్పాను. రే వెళ్లి శ్రీకాంత్‌కి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెడదామని, లేదా చేతి మీటతో పనిచేసే క్లచ్ పెడదామని సూచించాడు. శ్రీకాంత్ మర్యాదగానే కాదన్నాడు. నా వైపు తిరిగి, "అప్పుడు కారే నన్ను డ్రైవ్ చేస్తుంది అక్కా," అన్నాడు.

డబ్బు ఇచ్చేది అతను, కారు అతనిది. పని మొదలైంది. మేము చేసిన కార్లలో అంత శుభ్రంగా వచ్చింది ఇంకోటి లేదు. ఇంజిన్ వెనక్కి, కిందికి సర్ది బిగించారు, ముందు చక్రాల మీద బరువు పెరగకుండా. పొగ సామానంతా ఆ ఇంజిన్ మొదట ఉన్న కారులో ఎలా ఉందో అలాగే అమర్చారు. నేను వారాల తరబడి డైనో మీద ఇంధనం పట్టికలు సరిచేశాను. చలికి స్టార్ట్ అయినప్పుడు కూడా దగ్గకుండా, ఆగకుండా ఒకే గొంతుతో పలికింది. క్లచ్ తేలిక చేయడానికి, పెడల్ ఒత్తిడిని ద్రవంతో క్లచ్‌కి చేర్చే మాస్టర్ సిలిండర్‌ని చిన్నది వేశాం. దానివల్ల పెడల్ మెత్తబడుతుంది, కానీ ఎక్కువ దూరం తొక్కాలి. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుంది, అందులో మోసం చేయడానికి వీల్లేదు. రెఫరీ మొదటిసారికే లేబుల్ అతికించాడు. మా వర్క్‌షాప్‌లో అలా అరుదుగా జరిగేది.

డెలివరీకి ముందు, పెడల్ తొక్కడానికి పట్టే బలం నిర్ణయించిన హద్దుల్లో, మా భాషలో స్పెక్‌లో, ఉందో లేదో కొలవడం ఆనవాయితీ. డ్రైవర్ బూటుకీ పెడల్‌కీ మధ్య ఒక గేజ్ పెట్టి, కిందిదాకా తొక్కి పట్టుకోమంటాం. శ్రీకాంత్‌ని ఇద్దరు స్నేహితులు పట్టుకుని సీట్లో కూర్చోబెట్టారు. మాధవి కారు అవతలి పక్కన నిలబడింది. నేను మోకాళ్ల మీద కూర్చుని అతని పాదం గేజ్ మీద పెట్టాను. పాదం చల్లగా, గుడ్డలా ఉంది.

"తొక్కు శ్రీకాంత్."

"తొక్కుతున్నాను అక్కా."

గేజ్ ముల్లు కదల్లేదు.

అతను రెండు చేతులతో మోకాలిని పట్టుకుని కిందికి నొక్కాడు. ముల్లు కాస్త లేచింది, పడిపోయింది. మళ్లీ నొక్కాడు. స్నేహితుల్లో ఒకడు బయటికి వెళ్లిపోయాడు. మాధవి మాత్రం కదలకుండా అతని చేతులనే చూస్తోంది.

"రీడింగ్ ఎంత అక్కా?" అని అడిగాడు.

చెప్పాను. కొలిచిన అంకె కస్టమర్‌కి చెప్పడం నా ఉద్యోగం.

అతను కాసేపు స్టీరింగ్ మీద వేళ్లు ఆడించి, "స్పెక్ బయట ఉంది," అన్నాడు. తర్వాత మాధవితో, మిగిలిన స్నేహితుడితో, "దింపండి," అన్నాడు.

కారు ఇంటికి లారీ మీద వెళ్లింది. తర్వాత ఒకరోజు నన్ను పిలిచి, నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటాను అన్నాడు. సరేనని కొండల వైపు తీసుకెళ్లాను. మొదటి మలుపు దాకా ఇంజిన్ వింటున్నాడనుకున్నాను. తిరిగి చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు, ఎడమ తొడ మీది చెయ్యి నేను క్లచ్ తొక్కినప్పుడల్లా బిగుసుకుంటోంది. వెనక్కి వెళ్దాం అక్కా అన్నాడు. మళ్లీ ఆ కారు ఎక్కలేదు. తర్వాత చేతులు పోయాయి, మాట పోయింది. మరుసటి ఏడాది నేను రిటైరయ్యేలోపే మనిషి పోయాడు.

పెద్దకర్మ అయ్యాక మాధవి నా దగ్గరికి వచ్చింది. సోఫాలో కూర్చుని, టీ ముట్టుకోకుండా అడిగింది.

"పాత ఇంజిన్ బాగు చేయించి ఉంటే నడిపేవాడా అక్కా?"

నడిపేవాడు అన్నాను. ఎంతకాలం అంది. ఆ వేసవంతా, ఇంకాస్త కూడా అన్నాను. ఓదార్పుగా ఏదైనా కలిపి చెప్పొచ్చు. కానీ ఆమె అడిగింది ఇంజిన్ గురించి, నాకు తెలిసింది కూడా అదే. ఆమె ఏడవలేదు. శనివారాలు మాత్రం బాగుండేవి అంది, అది కూడా నన్ను నమ్మించడానికి అన్నట్టుగా.

వృత్తిపరంగా ఈ కేసు నుంచి నేను తెలుసుకున్నది చెప్తాను. మూడు ఇంజిన్లలో ఏదీ చెడ్డది కాదు. మా లెక్కల్లోనూ తప్పు లేదు. అన్ని కాలమ్స్ ఉన్న ఆ మ్యాట్రిక్స్‌లో, ఈ కారు ఏ రోజుకల్లా రోడ్డు మీద ఉండాలి అన్న కాలమ్ లేదు. ఆ తర్వాత మిగిలిన నెలల్లో వచ్చిన ప్రతి కస్టమర్‌నీ మొదట అదే అడిగాను. చాలామంది వెంటనే చెప్పారు, వాళ్లకి ఇంజిన్ ఎంచడం తేలికైంది. శ్రీకాంత్‌ని అడిగి ఉంటే మాత్రం, చెప్పేవాడు కాదు. జవాబు తెలిసీ చెప్పలేని మనిషికి సరైన ఇంజిన్ ఎంచిపెట్టే పద్ధతి మా వృత్తిలో లేదు.