ఇద్దత్‌లో ఉన్న కోడలు

ఎల్లారెడ్డిలో ప్రతి గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మా ఇంటి ముందుగదిలో ఆడవాళ్ళకు ఖురాన్ పాఠం చెబుతాను. ఈ మధ్య చివర్లో దువా చేసి వేడుకునే ముందు ఇంకో మాట కూడా చెప్పాల్సి వస్తోంది. కామారెడ్డి పెద్ద దవాఖానాలో ఆడవాళ్ళకు క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారు, చూసేది ఆడ డాక్టరే, పోదాం రండి అని. మా వాడ ఆశా కార్యకర్త నన్ను బతిమాలింది. "నేను చెప్తే వింటలేరు ఆపా. మీరు చెప్తే వింటరేమో."

నేను చెప్పినా వినడం లేదు.

"మంచిగున్న మనిషిని పండవెట్టి రోగం దేవులాడుడేంది ఆపా?" అంటుంది ఒకామె. "మా ఆయనను అడిగిన. నీ రోగమంతా నోట్లనే ఉంది, దానికి పరీక్ష లేదన్నడు" అంటుంది ఇంకొకామె. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఈ శరీరం అల్లా మన చేతికిచ్చిన అమానత్, భద్రంగా చూసుకోవాలి అంటే తలలూపుతారు. ఇన్షా అల్లా అంటూ చెప్పులు వేసుకుంటారు. కారు మాట్లాడిన రోజు పొద్దున గేటు దగ్గర నేనొక్కదాన్నే నిలబడి ఉంటాను.

మా వెనక వీధిలో ఒకామె భర్త ఈ చలికాలంలో చనిపోయాడు. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండడాన్ని ఇద్దత్ అంటాం. ఆమె దగ్గర కూర్చుని ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదివి లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆపా, రొమ్ముల గడ్డ తాకుతున్నది. నొస్తలేదు. ఇద్దత్ అయినంక సూపెట్టుకుంట."

నొప్పి లేదని ఊరుకోవద్దని ఆశా కార్యకర్త ఎన్నోసార్లు చెప్పింది. ఇద్దత్ ఇంకా సగం కూడా కాలేదు. అప్పటిదాకా ఆగితే ఆ గడ్డ ఆగుతుందా? వెళ్ళి ఆమె అత్తతో చెప్పాను. ఆవిడను వీధిలో అందరం ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తాం.

"ఇద్దత్‌ల ఉన్న పిల్ల గడప దాటుతదా? పదిమందికి పాఠం చెప్తవు, గింత ఎరుక లేదా నీకు?"

"అవసరముంటే పగటిపూట పోయి రావచ్చు ఖాలా, రాత్రికి ఇంట్ల ఉంటే చాలు" అన్నాను. ప్రవక్త వారి కాలంలో ఇద్దత్‌లో ఉన్న ఒకామె తన తోటలో ఖర్జూరాలు కోసుకోవడానికి పోతుంటే ఎవరో అడ్డుకున్నారని, ప్రవక్త వారు మాత్రం పోయి కోసుకొమ్మన్నారని చెప్పాను.

"ఆమె తలాక్ అయిన మనిషి. నా కొడుకు సచ్చిపోయిండు."

ఆవిడ చెప్పింది నిజమే. తలాక్ తర్వాత కూడా ఇద్దత్ ఉంటుంది, నేను చెప్పింది ఆ ఇద్దత్ సంగతే.

ఇమాం గారి ఇల్లాలి ద్వారా ఆయనను అడిగించాను. జబ్బు కూడా అవసరమే, పోవచ్చన్నారు. ఆ మాట మోసుకుని మళ్ళీ వెళ్ళాను.

"ఇమాం సాబ్ పొమ్మంటడు. మొగని మట్టి ఆరకముందే కారెక్కిందని వాడకట్టోళ్ళు అంటే ఆయనొచ్చి జవాబు చెప్తడా?"

ఇంక వాదించే ఓపిక లేదు. "నేనేం చెప్ప ఖాలా. ఒక్కసారి నువ్వే చెయ్యి పెట్టి సూడు" అన్నాను.

ఆవిడ కోడలిని లోపలిగదిలోకి పిలిచి పరదా వేసింది. తస్బీహ్ పూసలు నా చేతిలోనే ఉన్నాయి గానీ వేళ్ళు కదలలేదు. ఆవిడ బయటికి వచ్చినప్పుడు నా వైపు చూడలేదు. కుడిచేతి వేళ్ళను ఎడమ అరచేత్తో రుద్దుకుంటూ నిలబడింది.

"కారు ఎనక గల్లీలకు రమ్మను. నేను గూడ అస్త."

మరునాడు కారు అద్దాలకు దుపట్టాలు కట్టుకుని వెళ్ళాం. డాక్టరమ్మ చూసింది, స్కానింగ్ తీయించింది, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలంది. అందుకు సోమవారం మళ్ళీ రమ్మంది. ఆ గడ్డ ఏమిటని కోడలు అడిగితే, పరీక్ష అయ్యాకే చెప్పగలనంది.

తిరుగు దారి పట్టాం. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ అయ్యే లోపల ఇల్లు చేరాలి. నేను సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. సోమవారం కోసం ఈ వాదనంతా మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలా? ఎవరిని అడిగించాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి?

లింగంపేట దాటాక ఖాలా ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టింది.

"బేటా, సోమవారం గూడ నువ్వే రా. ఎనక గల్లీలకు గాదు, ఇంటి ముందటికే తే. గల్లీల బురద ఉన్నది, పిల్ల జారితే ఎట్ల?"

గల్లీలో బురద లేదు. వాన పడి చాలా రోజులైంది. కోడలు ముఖం కప్పిన నఖాబ్ వెనక ఏడుస్తున్నట్టుంది, నేను అటు చూడలేదు. అల్‌హమ్దులిల్లాహ్ అని మనసులో అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఆ గడ్డ ఏమిటో మా ముగ్గురికీ ఇంకా తెలియదు.