ముందు గడియారం లేవాలి

మిరప ఘాటు తగిలితే ఎవరికైనా తుమ్ము వస్తుంది. నాకు కోపం వస్తుంది. నిన్న మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో, గదుల వేడి కొలిచే పాత కంప్యూటరుకు దాన్ని నడిపించే లినక్స్ కొత్తది ఎక్కిస్తుంటే, ఏ ఇనిట్ కావాలని తెర మీద మూడు పేర్లు చూపించింది. కంప్యూటరు ఆన్ అవగానే తను ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ లేపేది ఇనిట్. అప్పుడే తలుపు సందులోంచి ఘాటు వచ్చింది. రాజకుమారి గారు గుర్తొచ్చారు.

ఎనిమిదేళ్ల కిందట ఇదే గదిలో ఆవిడ కింద పనికి చేరాను. ఆవిడ తల్లి ఈ ఆవరణలోనే మిరప తొడిమలు తీసిన కూలీ. ఆవిడ ఐటీఐ చదివి మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నారు. నేనేమో బీటెక్ పొగరుతో, "అందరూ వాడేదే పెట్టేద్దాం మేడం" అన్నాను.

"సరేనమ్మా. కరెంటు పోయి వచ్చింది. ముందు ఏది లేవాలి?"

"అన్నీ ఒకేసారి లేస్తాయండి."

"టైము తప్పుగా వేసి వేడి ఎంతుందో రాస్తే ఎవడు నమ్ముతాడు? ముందు గడియారం, తర్వాత వేడి కొలిచేది, ఆ తర్వాత అలారం. ఏదైనా పడిపోతే దాన్ని ఎవరు లేపాలో కూడా రాయి."

అప్పుడూ ఉన్న ఆ మూడు ఇనిట్‌లలో చిన్నదాన్ని ఆవిడ ఎంచుకున్నారు. దాని వరుసంతా ఒక్క కాగితంలో పట్టింది. పక్కనే తెలుగులో అర్థం రాసి గోడకు అంటించారు. "మనం లేనప్పుడు ఉన్నవాళ్లకి తెలియాలి కదమ్మా" అన్నారు. రెండేళ్లపాటు ఎన్ని కరెంటు కోతలు వచ్చినా అన్నీ వరుసగా లేచాయి.

తర్వాత మేనేజరు హైదరాబాదు నుంచి ఒకతన్ని పిలిపించాడు. "ఇంకా ఈ పాతచింతకాయ పచ్చడేంటండీ" అని అతను గోడ మీది కాగితం పీకేశాడు. అతను పెట్టిన ఇనిట్ చెడ్డదేమీ కాదు. దేని తర్వాత ఏది లేవాలో అతను చెప్పలేదు, అంతే. కరెంటు పోయి వచ్చాక ఒక గదిలో చల్లబరిచే యంత్రం లేవలేదు. వేడి కొలిచే ప్రోగ్రామూ లేవలేదు. తెర మీద మాత్రం పాత అంకె పచ్చగా వెలుగుతూనే ఉంది. నాలుగు రోజులకు తలుపు తీస్తే కాయలు చెమ్మపట్టి రంగు తప్పి ఉన్నాయి. పొదిలి, దర్శి రైతులు గుమిగూడారు. మేనేజరు కళ్లార్పకుండా, "రాజకుమారి నిర్వాకం" అన్నాడు. ఎంత సిగ్గులేనితనం! కంప్యూటరు తనంతట తాను రాసుకున్న లాగ్ కాపీ నా సంచిలోనే ఉంది. ఆవిడ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నా ఉద్యోగం నాకు ముద్దయింది.

ఉద్యోగం పోయి వెళ్లిపోతూ ఆవిడ గేటు దగ్గర ఒకటే అడిగారు. "లాగ్ నీ దగ్గరుంది కదమ్మా, చదవలేదేం?"

నిన్న ఆ మేనేజరే ఇద్దరు రైతులను వెంటబెట్టుకుని వచ్చాడు. "అప్పట్లో ఒకావిడ పాడుచేసి పోయింది. ఇప్పుడు బాగుచేయిస్తున్నాం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ దాచుకున్న లాగ్ తెరిచి పెద్దగా చదివాను. ఆవిడ ఉన్నన్నాళ్లూ ప్రతి కోత తర్వాతా ఏది ఎప్పుడు లేచిందో, ఆవిడ పెట్టింది తీసేసింది ఏ రోజో, ఆ తర్వాత మొదటి కోతకే రాత ఎలా ఆగిపోయిందో, తేదీలతో సహా. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు మేనేజరు. "వాళ్లకి తెలియాలండి" అన్నాను. రైతుల్లో పెద్దాయన, "మరి అప్పుడు ఆవిణ్ణి అన్న మాటలకి ఎవరయ్యా జవాబుదారీ?" అని అతన్ని నిలదీశాడు.

చిన్న ఇనిట్‌నే ఎంచుకున్నాను. వరుసంతా తెలుగులో రాసి, అడుగున రాజకుమారి గారి పేరు పెట్టి గోడకు అంటించాను. తర్వాత ఇప్పుడు దర్శిలో ఉంటున్న ఆవిడకి ఫోన్ చేశాను.

"లాగ్ చదివానండి, అందరి ముందూ."



"ఆరేళ్లు పట్టిందా అమ్మా?" అన్నారు.