చిలకల జంపఖానా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొన్నాళ్లు అందరికంటే ఎక్కువ మర్యాద పొందింది ఒక జంపఖానా. అది నా పుణ్యమే.

హనుమకొండలో మా తాతయ్యకు బట్టల కొట్టు ఉండేది, దాని వెనకే ఇల్లు. ఆయన ప్రాణ స్నేహితుడు పక్కనే ఉన్న కాశిబుగ్గలో మగ్గం నేసే తాత. ఆ తాత నేసి ఇచ్చిందే ఆ జంపఖానా. నాలుగు మూలలా చిలకలు, నడుమ అష్టాచెమ్మా గళ్లు. ఆదివారం వస్తే ముసలివాళ్లిద్దరూ దాని మీద కూర్చుని గవ్వలు వేసేవారు. కాశిబుగ్గ తాత దొంగాట ఆడతాడని అందరికీ తెలుసు. అయినా నేను ఆయన పక్షమే.

ఒకసారి పాత వస్తువులు కొనేవాడొకడు పట్నం నుంచి వచ్చి, "దీన్ని వాడకుండ దాచిపెట్టుండ్రి. పదేండ్లల్ల మస్తు రేటొస్తది" అన్నాడు. మా వాళ్లు ఆ మాట అప్పుడే మరిచిపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారగానే జంపఖానాను చుట్టి, కలరా ఉండలు వేసి, సందూకలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకున్నాను. ఆదివారం తాతయ్య నేల మీద సుద్దతో గళ్లు గీశాడు. కాశిబుగ్గ తాతకు ఆ ఆట రుచించలేదు. రెండు ఆదివారాలు వచ్చి చాయ్ తాగి వెళ్లాడు, మూడో ఆదివారం రాలేదు. సందూకకు కాపలా కాసే నాకు అదేమీ పట్టలేదు.

సద్దుల బతుకమ్మ వచ్చింది. నా కొత్త పట్టులంగాను తాతయ్య కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "తాళం తియ్యి బిడ్డా, ఇది గూడ సందూకల పెడుదాం. కడితె పాతదైతది. పదేండ్లకు రేటొస్తది."

"పదేండ్లకు అది నాకు పడుతదా తాతా?" అని ఏడ్చాను.

ఆయన నవ్వాడు. తర్వాత మెల్లగా, "నిజమే. మరి పదేండ్లకు మీ కాశిబుగ్గ తాత ఉంటడా, ఆ జంపఖానా మీద కూసోను?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. లంగా కట్టుకోక ముందే సందూక తెరిచాను. జంపఖానా ఒళ్లో పెట్టుకుని, తాతయ్యతో రిక్షాలో కాశిబుగ్గ వెళ్లాను. ఆ తాత చిలకలను అరచేత్తో నిమిరి, "కూసోనీకి నేసిన బిడ్డా, దాచనీకి కాదు" అన్నాడు. అని, మొదటి ఆటలోనే నన్ను మోసం చేసి గెలిచాడు.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. చీర కొన్న రోజే కడతాను. ఎవరైనా తమ ఇంటి బొమ్మనో, ఇత్తడి గిన్నెనో చూపించి ఇది ఎంత పలుకుతుందని అడిగితే, చేసిన మనిషి ఉన్నాడా అని అడుగుతాను. ఉంటే, ఆయన కళ్ల ముందు దాన్ని ఒక్కసారైనా వాడమంటాను.