తొక్కినప్పుడా, వదిలినప్పుడా?

మండపేటలో మా ట్రాక్టరు బాగుచేసే మేస్త్రిగారు మొన్న బుధవారం పొద్దున్న పోయారు. వాళ్ళమ్మాయి ఫోను చేసి, "అమ్మగారూ, నాన్న వెళ్ళిపోయారండి. మీకు చెప్పమంది అమ్మ," అని పెట్టేసింది. నేనప్పుడు నీళ్ళు కట్టిన చేలో ట్రాక్టరుతో దమ్ము చేస్తున్నాను. ఇంజను ఆపేసి సీటు మీదే కూర్చుండిపోయాను. మధ్యాహ్నం సమాధుల తోటకి వెళ్ళి ఓ గుప్పెడు మట్టి వేసి వచ్చాను. నేనొక ట్రాక్టరు నడుపుకుంటూ వ్యవసాయం చేస్తున్నానంటే అందులో ఆయన పాలు చాలా ఉంది. అది నలుగురికీ చెప్పాలనిపించింది.

ఆరేళ్ళ కిందట మా ఆయనకి నడుము ఆపరేషనయింది. ఇక ట్రాక్టరు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. మాది పాతకాలపు చిన్న బండి. అమ్మేద్దామన్నారు మా ఆయన. నేనే మొండికేసి, నలభై రెండేళ్ళ వయసులో నడపడం నేర్చుకున్నాను. తీరా మొదటి సార్వా పంటకే అది మొరాయించింది. బురదలో ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది, చక్రం మాత్రం తిరగదు. చూసినవాళ్ళందరూ క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్నారు. ప్లేటు మార్చాలంటే బండిని నడిమికి రెండుగా విడగొట్టాలి. అవతల నారు ముదిరిపోతోంది. "ఆడవాళ్ళ చేతిలో బండి మరి," అని ఒకాయన నవ్వాడు కూడా.

ఎలాగో రోడ్డెక్కించి మేస్త్రిగారి షెడ్డుకి తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. నూనె పీల్చుకోడానికి షెడ్డు నేలంతా రైసుమిల్లు నుంచి తెచ్చిన ఊక పరిచేవారు. బండి దగ్గరికొచ్చి రెంచీ పట్టుకుంటారనుకున్నాను. పట్టుకోలేదు. "మీరే ఎక్కండమ్మా. ఆ చివరిదాకా వెళ్ళి రండి," అన్నారు. వెళ్ళొచ్చాను. ఆయన బండిని చూడలేదు, నా ఎడమ కాలినే చూశారు.

తరవాత కిందికి వంగి, క్లచ్ పెడల్‌ని అరచేత్తో మెల్లగా నొక్కారు. "ఇది తాకగానే బిగుసుకుంటోంది. మొదట కాస్తంత దూరం ఊరికే దిగాలమ్మా, ఆ తరవాతే బరువు తగలాలి. ఆ కాస్త ఖాళీయే దీనికి ఊపిరి," అన్నారు. పెడల్‌కి తగిలించి ఉన్న రాడ్డు తిప్పి ఆ ఖాళీ సరిచేశారు. బండిని పెద్ద గేరులో పెట్టించి, బ్రేకు గట్టిగా తొక్కించి, క్లచ్ వదలమన్నారు. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నేను హడలిపోయాను. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఆగిపోయిందంటే ప్లేటు పట్టుకున్నట్టేనమ్మా. దీన్ని విప్పక్కర్లేదు."

చుట్టూ చేరినవాళ్ళు ఏంటి సంగతని అడిగితే, "రాడ్డు బిగిసిందండి, అంతే," అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు మాత్రం వినపడేట్టు చెప్పారు: "గేరు మార్చాక కాలు తీసి కింద పెట్టేయండి. దాని మీదే ఉంచితే అది పూర్తిగా పట్టనూ లేదు, వదలనూ లేదు. అలా రాసుకుంటూనే అరిగిపోద్ది." తప్పులో సగం నాదేనని అప్పుడర్థమైంది. నలుగురి ముందూ ఆయన నా పరువు తీయలేదు.

ఆయన పొరపాటు పడని మనిషేమీ కాదు. మూడో ఏడు సరిగ్గా ఊడ్పుల ముందు, గేర్లు పడకుండా గరగరమనడం మొదలెట్టాయి. "పెడల్ సగం దిగేదాకా వదులుగా ఊగుతోందండి," అని చెప్పాను. షెడ్డు నిండా బళ్ళున్నాయి. ఆయన సరిగా వినలేదు. విడగొట్టేశారు. తీరా చూస్తే ప్లేటు నిక్షేపంలా ఉంది. పెడల్‌కీ రాడ్డుకీ మధ్య ఉండే పిన్ను అరిగి, దాని కన్నం కోలగా సాగిపోయింది. అంతే. బయటినుంచే మార్చొచ్చు.

అక్కడ పది మంది రైతులున్నారు. ఆయన లేచి నిలబడి, "అమ్మగారు ముందే చెప్పారు. నేనే వినలేదు. ఈ బండి విప్పాల్సింది కాదు," అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "రేపు ఊడ్పులకి మనుషులొస్తారండి. ఇంకా అరెకరం దమ్ము మిగిలుంది. నేనేం చెయ్యను?" అని అరిచేశాను. ఆయన సాయంత్రానికి షెడ్డు మూసేసి, వాళ్ళ బావమరిది ట్రాక్టరు తీసుకుని మా చేలోకి దిగారు. పొద్దుగూకే లోపల అరెకరమూ ఆయనే దున్ని, మోకాళ్ళదాకా బురదతో గట్టెక్కారు. మా ఆయన టీ ఇస్తే సాసర్లో పోసుకుని తాగుతూ, "మీ చేను బాగుందండి," అన్నారు. నా కోపం ఆ సాసర్ ఖాళీ అయ్యేలోపే పోయింది.

అప్పట్నుంచి ఎవరి బండి వచ్చినా ముందు మూడు ప్రశ్నలు అడిగేవారు. తొక్కినప్పుడా, వదిలినప్పుడా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎప్పట్నుంచి? జవాబు చెప్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. "నడిపే మనిషికి తెలిసినంత నాకు తెలీదు," అనేవారు.

ఈ ఏడు ఆయన రాజమండ్రి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేశారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద మరీ చిన్నగా కనిపించారు. "బండెలా ఉందమ్మా?" అన్నారు. "బాగుందండి," అన్నాను.

"కాలవకి నీళ్ళొదిలాక, బండి బాగుంటే మీరు చేలో ఉంటారు గానీ నా దగ్గరికెందుకొస్తారు? చెప్పండి."

దాచలేకపోయాను. రెండు నెలలు పాకలో కదలకుండా ఉండిపోయింది, వానజల్లు కొట్టింది, ఇప్పుడు క్లచ్ అడుగంటా తొక్కినా గేరు పడట్లేదని చెప్పాను. పిన్ను చూశానని, బాగానే ఉందని కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"తుప్పుకి ప్లేటు అతుక్కుపోయింది. విప్పకండి. ఇంజను బాగా వేడెక్కనిచ్చి ఆపేయండి. ఖాళీ చేలో, ముందర ఎవరూ లేకుండా చూసుకుని, గేరులో పెట్టి స్టార్ట్ చేయండి. బండి కదిలాక క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, బ్రేకు మీద కాలితో ఒక్కో దెబ్బ వేయండి. విడిపోద్ది."

మర్నాడు అలాగే చేశాను. నాలుగో దెబ్బకి లోపల టక్కుమంది, బండి నా కాలి కింద తేలికైపోయింది. అక్కడినుంచే ఫోను చేస్తే వాళ్ళమ్మాయి ఆయనకి చెప్పింది. వెనక నుంచి నీరసంగా, సరేనన్నట్టు "ఆయ్" అని వినపడింది. ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అదే.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆ ముందురోజు. నేను బండి సంగతి చెప్తుంటే మేస్త్రిగారి భార్య నా మోచేయి తట్టి, మంచం వైపు చూడమన్నారు. దుప్పటి కింద ఆయన ఎడమ పాదం మెల్లగా ముందుకి వంగుతోంది. కాస్తంత దిగాక ఒక క్షణం ఆగి, దేన్నో తడుముతున్నట్టుండి, అడుగుదాకా దిగి, మళ్ళీ అంతే మెల్లగా పైకి లేస్తోంది.