కాలనీలో ఎద్దును ఆపిన అమ్మ

మా పాప టీవీలో బొమ్మల సినిమా చూస్తోంది. మహాశక్తులున్న ఒక కుటుంబం, వాటిని దాచుకుని మామూలు కాలనీలో కాపురముంటుంది. చూస్తుంటే నాకు మా హోసూరు కాలనీ గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, బడి వదలగానే కార్టూన్ల కోసం పరుగు, చేతిలో బొరుగుల గిన్నె?

అమ్మ ఉద్దనపల్లిలో పశువుల మధ్య పెరిగింది. పెళ్లై కాలనీకొచ్చాక, నాన్నను కన్న మా అవ్వ, "ఆ పల్లె పనులు ఈడ వద్దమ్మా" అంది. అమ్మ సరేనంది.

ఒక సాయంత్రం, సంతకు తోలుకుపోతున్న ఎద్దు ఒకటి లారీ హారన్‌కు బెదిరి మా వీధిలోకి దూసుకొచ్చింది. ఆడుకుంటున్న పిల్లలమంతా గోడకు అతుక్కుపోయాం. అమ్మ చీర ఎగదోపి పరుగెత్తుకొచ్చి, ముకుతాడు ఒడిసిపట్టింది. "హో హో, నిలువప్పా" అని మెడ నిమిరింది. ఎద్దు రొప్పుతూ నిలబడిపోయింది.

చుట్టూ జనం. అవ్వకు తల కొట్టేసినట్టయింది. "చూసినోళ్లు నవ్వరా?"

అమ్మ తాడు వదల్లేదు. "నవ్వనీ అత్తా. చేతనైన పని దాసిపెట్టేకి నేనేమన్నా దొంగనా?"

ఆ నెలలోనే పుట్టింటి నుంచి ఆవును తోలుకొచ్చి, కాలనీ అంతటికీ కనబడేలా మా గేటు ముందే కట్టేసింది.